ముందు ఒక్క ఆల్బమ్ వ్యాసాన్ని సరిగ్గా రాద్దాం: తెలుగు వికీపీడియన్లకు బహిరంగ లేఖ

తెలుగు వికీపీడియాలో సంగీతం మీద వ్యాసాలు రాస్తున్న, దిద్దుతున్న వాడుకరులందరికీ నమస్కారం.

ఒక్క విషయం అడగడానికి ఈ ఉత్తరం. రాక్ ఆల్బమ్‌ల మీద కొత్త మొలకలు (రెండు మూడు వాక్యాల చిన్న వ్యాసాలు) పెట్టే పనిని కొంతకాలం ఆపి, ఒకే ఒక్క ఆల్బమ్ వ్యాసాన్ని మొదటి వాక్యం నుంచి చివరి మూలం దాకా అందరం కలిసి రాద్దాం. నా ఓటు బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’కి. 1973 మార్చిలో వచ్చిన ఆల్బమ్ అది. రాక్ సంగీతం జోలికి పోనివాళ్లు కూడా ఆ నల్లటి అట్టనీ, దాని మీది పట్టకాన్నీ, అందులోంచి విచ్చుకునే రంగులనీ ఏ టీషర్టు మీదో చూసే ఉంటారు.

ఇదే ఎందుకంటే, దీనికి మూలాలు దొరకవని ఎవరూ అనలేరు. డ్రమ్మర్ నిక్ మేసన్ తన బృందం చరిత్రను తానే రాశాడు. జాన్ హ్యారిస్ అనే పాత్రికేయుడు ఈ ఒక్క ఆల్బమ్ తయారీ మీదే పుస్తకం తెచ్చాడు. రికార్డింగ్ ఇంజినీరు, అట్ట తయారుచేసినవాళ్లు, పాడినావిడ, అందరూ ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పారు. మరోవైపు పుకార్లకూ, ఉబ్బిన అంకెలకూ, సగం నిజాలకూ ఈ ఆల్బమ్ చుట్టూ కొదవ లేదు. దీన్ని సరిగ్గా నిలబెట్టగలిగితే మిగతావి ఎలా రాయాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఆల్బమ్ వ్యాసం అనగానే మన చెయ్యి అలవాటుగా పోయే దారి ఒకటుంది. సమాచారపెట్టె (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పట్టిక) నింపుతాం. పాటల పట్టిక దించుతాం. చార్టుల పట్టికను ఇంగ్లీషు వికీ నుంచి ఉన్నదున్నట్టు తెచ్చి పెడతాం. పైన రెండు వాక్యాలు: ఇది ఫలానా బృందపు ఎనిమిదో స్టూడియో ఆల్బమ్, ఇది ప్రపంచవ్యాప్తంగా విశేష ఆదరణ పొందింది. మూలాల జాబితా పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టి వ్యాసం నిండుగా ఉన్నట్టే అనిపిస్తుంది. చదివినవాళ్లకు మాత్రం ఆ ఆల్బమ్ వినడానికి ఎలా ఉంటుందో, ఎవరు ఏం చేస్తే అది అలా తయారైందో ఒక్క ముక్క తెలియదు. పట్టికల మీద నాకేం కోపం లేదు. కానీ ఆల్బమ్ వ్యాసానికి ప్రాణం తయారీ విభాగమే. అది బలంగా లేనప్పుడు మిగతావి ఎన్ని పేర్చినా ఉపయోగం లేదు.

ఈ ఆల్బమ్ సంగతే చూడండి. ఇది స్టూడియోలోకి వెళ్లకముందే వేదిక ఎక్కింది. 1972 జనవరి 20న బ్రైటన్‌లో మొదటిసారి వాయించబోయారు. ‘మనీ’ దగ్గరికి వచ్చేసరికి పరికరాలు మొరాయించి అక్కడితో ఆపేయాల్సి వచ్చింది. ఫిబ్రవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో పత్రికలవాళ్ల ముందు వాయించారు. ఇప్పుడు అబీ రోడ్ స్టూడియోస్ అని పిలుస్తున్న లండన్ ఈఎంఐ స్టూడియోలో రికార్డింగ్ మొదలైంది మాత్రం ఆ ఏడాది వేసవిలో. కచేరీల కోసం మధ్యమధ్యలో ఆగుతూ 1973 మొదటి వారాల దాకా సాగింది. అంటే రికార్డు అమ్మకానికి రావడానికి ఏడాది ముందే జనం ఈ పాటలు విన్నారు. వాళ్లు అప్పుడు విన్నదీ, తర్వాత రికార్డులో వచ్చిందీ ఒకటి కాదు. ఇప్పుడు ‘ఆన్ ద రన్’ ఉన్నచోట అప్పట్లో గిటారు, కీబోర్డుల వాయింపు ఉండేది. స్టూడియోలో దాన్ని తీసేసి, ఈఎంఎస్ కంపెనీ సింథసైజర్‌లో ఎనిమిది స్వరాల వరుస ఎక్కించి, దాని వేగం బాగా పెంచి కొత్త ముక్క చేశారు. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ మొదట్లో ఆర్గాన్ మీద నడిచేది, దానితోపాటు బైబిల్ వాక్యాలు చదువుతున్న టేపు వినిపించేది. ‘అస్ అండ్ దెమ్’ బాణీ ఇంకా పాతది. బృందంలో కీబోర్డులు వాయించిన రిచర్డ్ రైట్ దాన్ని ఆంటోనియోని తీసిన ‘జబ్రిస్కీ పాయింట్’ సినిమా కోసం కడితే దర్శకుడు వద్దన్నాడు. చివరికి ఆల్బమ్ పేరు కూడా మారబోయింది. మెడిసిన్ హెడ్ అనే ఇంకో బృందం 1972లో ఇదే పేరుతో ఆల్బమ్ తేవడంతో వీళ్లు కొన్నాళ్లు ‘ఎక్లిప్స్’ అనే పేరు వాడారు. మెడిసిన్ హెడ్ ఆల్బమ్ ఆడకపోయేసరికి మళ్లీ పాత పేరుకే వచ్చేశారు.

ఇవన్నీ ‘విశేషాలు’ అనే శీర్షిక కింద చుక్కలు పెట్టి విడివిడిగా వేస్తే చిల్లర కబుర్లలా ఉంటాయి. అదే కాలక్రమంలో, ఒకదాని వెంట ఒకటిగా చెబితే, ఏడాది పాటు జనం ముందు వాయిస్తూ, తీసేస్తూ, మారుస్తూ చెక్కిన రచన ఇదని పాఠకులకు తమంతట తామే తెలుస్తుంది. ఆ మాట మనం నొక్కి చెప్పనక్కర్లేదు.

ఇక శబ్దాలు. ‘మనీ’ మొదట్లో నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత తాళం తప్పకుండా వినిపిస్తాయి. ఇవాళ ఆ పని ఫోన్‌లో ఎవరైనా క్షణాల్లో చేస్తారు. అందుకే వాళ్లు చేసింది ఎందుకు కష్టమో వ్యాసం చెప్పాలి. 1972లో ఒక శబ్దాన్ని తాళంలో కూర్చోబెట్టాలంటే అయస్కాంత టేపు మీద రికార్డు చేసి, ఆ టేపును కొలిచి, బ్లేడుతో కోసి, ముక్కలన్నీ అతికించి, గుండ్రంగా తిప్పాలి. టేపు ముక్క పొడవే తాళంలో దాని వ్యవధి. ముక్క కాస్త పొడవైతే లయ తప్పుతుంది. ‘టైమ్’ మొదట్లో ఒక్కసారిగా మోగే గడియారాలను ఇంజినీరు అలన్ పార్సన్స్ ఒక పురాతన వస్తువుల దుకాణంలో ఒక్కొక్కటిగా రికార్డు చేశాడు. అదీ ఈ పాట కోసమని కాదు, నాలుగు స్పీకర్ల క్వాడ్రఫోనిక్ పద్ధతిని వినిపించి చూపడానికి. ఆ టేపు చేతిలో ఉంది కాబట్టి పాటలోకి వచ్చింది. ఇలాంటి వాక్యం ఒకటి చదివాక ఎవరైనా వెళ్లి ఆ పాట వింటారు. ‘వినూత్న ధ్వని ప్రయోగాలతో అలరించింది’ అని చదివినవాళ్లు వినరు.

మాటల సంగతీ అంతే. ఆల్బమ్ పొడుగునా ఎవరెవరివో గొంతులు వినిపిస్తుంటాయి. బృందంలో బేస్ గిటారు వాయించిన రోజర్ వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి, స్టూడియోలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే మైకు ముందు కూర్చోబెట్టి జవాబులు రికార్డు చేశాడు. చివరిసారి ఎప్పుడు కొట్లాడావు, అప్పుడు న్యాయం నీ వైపే ఉందా లాంటి ప్రశ్నలు. అదే భవనంలో పని చేసుకుంటున్న పాల్ మెకార్ట్నీ, లిండా మెకార్ట్నీలను కూడా అడిగారు, కానీ వాళ్ల జవాబులు వాడలేదు. స్టూడియో ద్వారపాలకుడు గెరీ ఓడ్రిస్కల్ మాటలు వాడారు, ఆల్బమ్‌లో చివరగా వినిపించే మాటలు ఆయనవే. మెకార్ట్నీని పక్కన పెట్టి ద్వారపాలకుణ్ణి ఉంచుకున్నారన్న ఒక్క సంగతి చాలు, వాళ్లకు కావలసింది ఏమిటో తెలియడానికి. ఇక్కడ విశేషణాలతో పని లేదు.

వ్యాసంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోటు క్లేర్ టోరీ. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో మాటల్లేకుండా గొంతెత్తి పాడింది ఆమే. పార్సన్స్ సూచనతో పిలిపించారు. 1973 జనవరిలో ఒక ఆదివారం వచ్చి, అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడి, 30 పౌండ్ల పారితోషికం తీసుకుని వెళ్లింది. పాట రచయితగా రైట్ పేరొక్కటే పడింది. 2004లో ఆమె కోర్టుకెక్కింది. 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఆ తర్వాతి ముద్రణల్లో రైట్ పేరు పక్కన ఆమె పేరూ వస్తోంది. ఇప్పుడు మన పాటల పట్టికలో ఈ పాట రచయిత గడిలో ఏం రాస్తాం? పాత రికార్డు చూసి రైట్ అని రాస్తే ఒక తప్పు. కొత్తది చూసి ఇద్దరి పేర్లూ రాసి ఊరుకుంటే 32 ఏళ్ల చరిత్ర మాయమైపోతుంది. రెండు పేర్లూ రాసి, ఎప్పటినుంచి అలా ఉందో కింద ఒక్క వాక్యంలో చెప్పాలి. రాజీ సొమ్ము ఎంతన్నది మాత్రం బయటపెట్టలేదు కాబట్టి ఎక్కడైనా అంకె కనిపిస్తే ఎత్తుకురావద్దు.

సమాచారపెట్టెల మీద నాకు నమ్మకం తక్కువ కావడానికి ఇదే కారణం. ‘గీత రచన: రోజర్ వాటర్స్’ అని పెట్టెలో రాయొచ్చు, అది నిజమే. ఒక ఆల్బమ్‌లో పాటల మాటలన్నీ వాటర్స్ ఒక్కడే రాయడం ఇదే మొదలు. కానీ ‘గాయకుడు’ అనే గడి ఎలా నింపుతారు? ‘మనీ’ పాడింది గిటారిస్టు డేవిడ్ గిల్మర్. ‘టైమ్’లో కొంత గిల్మర్, కొంత రైట్. చివరి రెండు పాటలు వాటర్స్. ‘మనీ’, ‘అస్ అండ్ దెమ్’లలో శాక్సఫోన్ వాయించిన డిక్ ప్యారీకి పెట్టెలో చోటే లేదు. సిబ్బంది విభాగం ఒకటి పెట్టి, ఏ పాటలో ఎవరో స్పష్టంగా రాస్తే తప్ప వీళ్లకు న్యాయం జరగదు.

తటస్థ దృక్కోణం గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. రాజకీయ నాయకుల వ్యాసాల్లోనే అది అవసరమనుకుంటాం కూడా. ఆల్బమ్ వ్యాసంలో దానికి ఎంత పని ఉందో చెప్పే ఉదాహరణ ఈ రికార్డు చివరి మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసినవాటిని కలిపి తుది రూపం ఇవ్వడం. గిల్మర్‌కు ప్రతిధ్వని ఎక్కువగా, శబ్దాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కావాలి. వాటర్స్, మేసన్‌లకు పొడిగా, ఏది దానికది విడిగా వినిపించాలి. ఈ తగువు తీర్చడానికే రికార్డు నిర్మాత క్రిస్ థామస్‌ను పిలిపించారని ప్రసిద్ధ కథ. అసలు థామస్ ఏమంటాడంటే, అలాంటి తగువేదీ తనకు కనబడలేదని! ఇక్కడ ఎవరు నిజమో తేల్చే అధికారం మనకు లేదు. ‘బృంద సభ్యుల కథనం ఇది, థామస్ కథనం ఇది’ అని ఎవరి మాట వాళ్ల పేరు మీద రాసి వదిలెయ్యాలి. వాటర్స్ 1980ల్లో బృందం నుంచి విడిపోయాడు, ఆ తర్వాత ఎవరి గొప్ప ఎంతన్నదాని మీద వాటర్స్, గిల్మర్ ఇద్దరూ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. కాబట్టి వాళ్ల ఇంటర్వ్యూల్లోంచి ఏది తీసుకున్నా అది ఏ సంవత్సరం అన్న మాటో కూడా రాయాలి. 1973లో అన్న మాటకూ, విడిపోయాక అన్న మాటకూ చాలా తేడా ఉంటుంది. మేసన్ పుస్తకం సరదాగా ఉంటుంది, నాకు ఇష్టం కూడా. అయినా అది ఒక సభ్యుడి జ్ఞాపకం. తేదీల కోసం దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

అంకెల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగులో ఎక్కువ పొరపాట్లు దొర్లేది అక్కడే. ఈ ఆల్బమ్ అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే ఆల్బమ్‌ల పట్టికలో ఏళ్ల తరబడి ఉందన్నది నిజం. కానీ ‘పద్నాలుగేళ్లు నంబర్ వన్‌గా నిలిచింది’ అని రాస్తే శుద్ధ అబద్ధం. మొదటి స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం, 1973 ఏప్రిల్ చివర్లో. బ్రిటన్‌లోనైతే అప్పుడు రెండో స్థానమే దాటలేదు. పట్టికలో మొత్తం ఎన్ని వారాలన్న దానికి 1988 వరకు 736 అనీ, 741 అనీ రెండు లెక్కలు తిరుగుతున్నాయి. ఏది వాడినా మూలం చెప్పాలి, అవన్నీ వరుస వారాలు కావనీ చెప్పాలి. 1988 తర్వాత కూడా అది పట్టికలోకి వస్తూ పోతూనే ఉంది, కాబట్టి ఏ తేదీ నాటి లెక్కో రాయకపోతే ఆ అంకెకు అర్థమే లేదు.

అమ్మకాల కథ ఇంకా చిక్కు. నాలుగున్నర కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయాయన్నది అంచనా. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఇచ్చిన 15 రెట్ల ప్లాటినం అన్నది ధ్రువీకరణ, అంటే కోటిన్నర. ఆ ధ్రువీకరణ కూడా దుకాణాలకు పంపిన కాపీల లెక్క మీద, కంపెనీ అడిగినప్పుడు ఇచ్చేది. ఈ రెంటినీ కలిపి ఒకే వాక్యంలో పడేస్తే పాఠకులు ఏది పట్టుకోవాలి? ఇంకో సంగతి, ఆ సంఘం ప్లాటినం పురస్కారం మొదలుపెట్టిందే 1976లో. కాబట్టి ‘విడుదలైన ఏడాదే ప్లాటినం సాధించింది’ అని ఏ వెబ్‌సైటులో కనిపించినా అమెరికా విషయంలో అది జరిగే పని కాదు. ఇదే బృందం తర్వాత తెచ్చిన ‘ద వాల్’కు 23 రెట్ల ప్లాటినం ఉంది. దాన్ని చూసి ఇది అంతకంటే తక్కువ అమ్ముడుపోయిందని తేల్చేయకండి. ‘ద వాల్’ రెండు డిస్కుల ఆల్బమ్, ఒక్కో కాపీని రెండుగా లెక్కేశారు. ఇలాంటి వివరం పట్టిక పక్కన ఒక గమనికగా లేకపోతే ఆ పట్టిక జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. తేదీలదీ ఇదే వరస. అమెరికాలో విడుదల 1973 మార్చి 1న. బ్రిటన్ విడుదల తేదీ ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటుంది. అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చినది 2012 జాబితాలో, ప్రకటించింది 2013లో. ఒకరు 2012 అని రాస్తే ఇంకొకరు 2013 అని దిద్దుతారు, మొదటివాళ్లు మళ్లీ వెనక్కి తిప్పుతారు. ఇద్దరిదీ తప్పు కాదు, వాక్యమే సరిగ్గా లేదు.

ఇప్పుడు పుకార్లు. 1939 నాటి ‘ద విజార్డ్ ఆఫ్ ఆజ్’ సినిమాను మ్యూట్‌లో పెట్టి ఈ ఆల్బమ్ మోగిస్తే రెండూ కలిసిపోతాయన్న ప్రచారం 1990ల్లో పుట్టింది. పార్సన్స్, మేసన్ ఇద్దరూ కొట్టిపారేశారు. స్టూడియోలో సినిమా నడుపుకుంటూ రికార్డు చేసే ఏర్పాటే అప్పుడు లేదు. ఈ ప్రచారాన్ని వ్యాసంలోంచి పూర్తిగా తీసేయాలని నేననను, దాని మీద చాలామంది రాశారు కాబట్టి ప్రస్తావించాల్సిందే. రెండు వాక్యాలు చాలు. అది తయారీ విభాగం కంటే పొడుగ్గా పెరిగిపోయిందంటే ఏదో తేడా వచ్చిందన్నమాట. అలాగే పింక్ ఫ్లాయిడ్ వాళ్లు మాంటీ పైథాన్ బృందం సినిమాకు పెట్టుబడి పెట్టారన్న సరదా సంగతి ఒకటుంది. నిజమే, కానీ దాని చోటు ఆ సినిమా వ్యాసంలో. దానికి బదులు, 1973 ఫిబ్రవరి చివర్లో లండన్ ప్లానెటేరియంలో జరిగిన విడుదల సభ గురించి రాయండి. క్వాడ్రఫోనిక్ మిక్స్ సిద్ధం కాలేదని అలిగి, రైట్ తప్ప మిగతా ముగ్గురూ రాలేదు. అతిథులకు బృంద సభ్యుల నిలువెత్తు అట్టబొమ్మలు స్వాగతం పలికాయి. ఈ సంఘటన ఆల్బమ్‌కు నేరుగా సంబంధించినది, పైగా కంపెనీకీ బృందానికీ మధ్య వాతావరణం ఎలా ఉండేదో చెబుతుంది.

సంగీతాన్ని వర్ణించడంలో మనకు ఒక ప్రలోభం ఉంది, నాకైతే చాలా ఉంది. ‘మనీ’ ఎక్కువ భాగం ఏడు మాత్రల లెక్క మీద నడుస్తుంది, గిటారు సోలో వచ్చేసరికి నాలుగుకు మారుతుంది. ఏడు అనగానే మిశ్రచాపు గుర్తుకు రాని తెలుగువాళ్లు ఉండరు, కాస్త కర్ణాటక సంగీతం విన్నవాళ్లయితే. ‘ఇది మన మిశ్రచాపును పోలి ఉంటుంది’ అని రాయాలని వేళ్లు దురద పెడతాయి. రాయకూడదు. ఏ సంగీత విమర్శకుడో ఆ పోలిక తెచ్చి అచ్చులో రాసి ఉంటే ఆ మూలంతో పెట్టొచ్చు. లేకపోతే అది మన సొంత పరిశోధన అవుతుంది, మౌలిక పరిశోధన కూడదన్న నియమం కిందకి వస్తుంది. పోలిక లేకుండానే పాఠకుడికి అందేలా చెప్పడానికి దారి ఉంది: ఏడు మాత్రల ఆవృత్తం అని రాస్తే చాలు, తెలిసినవాళ్లు తొడ మీద తాళం వేసుకుని చూసుకుంటారు. ఏడు నుంచి నాలుగుకు మారినప్పుడు పాట ఒక్కసారి పరుగందుకున్నట్టు వినిపించడం గురించి విమర్శకులు రాసినది దొరికితే వాళ్ల పేరుతో పెట్టండి.

మూలాల విషయంలో ఒక మాట కాస్త గట్టిగానే అంటాను. ఇంగ్లీషు వ్యాసాన్ని అనువాద పరికరంతో తెచ్చినప్పుడు అందులోని మూలాలు కూడా వాటంతటవే వచ్చేస్తాయి. పుస్తకం పేరు, పేజీ నంబరుతో సహా. మనం ఆ పుస్తకాన్ని కంటితో చూసి ఉండం. మనం చూడని పేజీని చూసినట్టు పాఠకుడికి చూపించడం మర్యాద కాదు. ఇంగ్లీషు వ్యాసంలో ఎవరో మధ్యలో వాక్యం మార్చేసి మూలం మాత్రం అలాగే వదిలేసి ఉంటే, ఆ తప్పు మన దగ్గరికి పేజీ నంబరు వేసుకుని మరీ వస్తుంది. అన్ని పుస్తకాలూ కొనమని కాదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా పుస్తకాల్లో వెతికే వీలుంది, పాత పత్రికల వ్యాసాలు కొన్ని ఉచితంగానే దొరుకుతాయి. చూడగలిగిన మూలానికి సరిపడా వాక్యాలే ఉంచుదాం. చూడలేనివాటిని చర్చా పేజీలో ఒక వరుసలో పెట్టి, దొరికినవాళ్లు సరిచూసి తేవచ్చు. వ్యాసం నాలుగు పేరాలు తగ్గినా పరవాలేదు. అనువాదం చేసినప్పుడు దిద్దుబాటు సారాంశంలో ఇంగ్లీషు వ్యాసం లింకు ఇవ్వడం కూడా మానకండి. అక్కడ రాసినవాళ్లకు ఆ మాత్రం గుర్తింపు ఇవ్వాలని లైసెన్సే చెబుతోంది.

చిన్న చిన్నవి కొన్ని. అట్ట బొమ్మను హిప్నోసిస్ సంస్థ రూపొందించింది, గీసింది జార్జ్ హార్డీ. దాని మీద హక్కులున్నాయి కాబట్టి కామన్స్‌లోకి (అన్ని వికీలూ వాడుకునే ఉచిత బొమ్మల భండారం) ఎక్కించకుండా, తక్కువ రిజల్యూషన్‌తో, సముచిత వినియోగం వివరణతో స్థానికంగానే ఉంచాలి. బొమ్మ కింద ‘ఏడు రంగుల ఇంద్రధనుస్సు’ అని రాయకండి, లెక్కపెడితే ఆరే ఉంటాయి, ఇండిగో లేదు. పాటల మాటలు మొత్తం దించొద్దు, భావం రెండు వాక్యాల్లో చెబితే సరిపోతుంది. ‘సంచలనం’, ‘అజరామరం’, ‘ప్రభంజనం’ కనిపిస్తే తీసేయండి. పేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్నిటికీ దారిమార్పులు పెట్టండి, ఎలా వెతికినా ఈ వ్యాసానికే రావాలి.

‘ఇంగ్లీషులో ఇంత పెద్ద వ్యాసం ఉండగా తెలుగులో ఎవరు చదువుతారు?’ అని కొందరు అంటారు. ప్రశ్న సబబైనదే. నా జవాబు ఏమిటంటే, ఇంగ్లీషు వ్యాసం రాక్ సంగీత చరిత్ర ఎంతో కొంత తెలిసినవాళ్లను ఎదురుగా పెట్టుకుని రాసింది. 16 ట్రాకుల టేపు మెషిన్ అంటే ఏమిటో, కాన్సెప్ట్ ఆల్బమ్ అని దేన్ని అంటారో, 1968లో బృందం నుంచి దూరమైన సిడ్ బారెట్ నీడ ఈ పాటల్లో ఎందుకు ఉందో అక్కడ ఒక లింకు ఇచ్చి ముందుకు పోతారు. మన దగ్గర ఆ లింకు తరచూ ఎర్రగానే ఉంటుంది, అంటే ఆ పేజీ ఇంకా ఎవరూ రాయలేదని. కాబట్టి మన వ్యాసం ఆ సంగతులను తన లోపలే, దారి తప్పకుండా, ఒకటి రెండు వాక్యాల్లో చెప్పుకోవాలి. బారెట్ మానసిక ఆరోగ్యం చెడిన తీరును దగ్గర్నుంచి చూసినవాళ్లు రాసిన ఆల్బమ్ ఇది. కాలం, డబ్బు, చావు, మతిభ్రమణం అనే విషయాలు ఒకదాని పక్కన ఒకటి ఎందుకు చేరాయో ఆ సంగతి తెలియకపోతే సగమే అర్థమవుతుంది. అలా రాసిన వ్యాసం ఇంగ్లీషు దానికి నకలు కాదు. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు కూడా దీన్ని చదువుతారని నా నమ్మకం.

పని ఎలా పంచుకోవాలో చెప్పి ముగిస్తాను. తయారీ విభాగం, దాని మూలాలు సరిచూడడం నేను తీసుకుంటాను. చార్టులు, ధ్రువీకరణల లెక్క అంకెలంటే ఓపిక ఉన్నవాళ్లెవరైనా తీసుకోండి, దయచేసి ప్రతి అంకె పక్కన అది ఏ తేదీ నాటిదో రాయండి. సంగీతం తెలిసినవాళ్లు పాటల వివరణ చూడండి. వాయిద్యాలు, తాళం, ఏ పాట ఎక్కడ తర్వాతి దాంట్లోకి కలిసిపోతుంది అన్నవి విమర్శకులు రాసినదాని ఆధారంగా ఉండాలి. 1973లో వచ్చిన సమీక్షలనూ, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత వచ్చినవాటినీ కలపకుండా రెండు పేరాలుగా రాయడానికి ఒకరు కావాలి. మొత్తం పూర్తయ్యాక, రాక్ సంగీతం అసలు విననివాళ్లు ఒకరు చదివి, అర్థం కాని వాక్యాలకు గుర్తు పెట్టాలి. వాళ్లు చెప్పినది ముందు దిద్దుదాం, ఆ తర్వాతే ‘ఈ వారం వ్యాసం’ పరిశీలనకు పెడదాం. రాసేది ముందు ప్రయోగశాలలోనే, అంటే చిత్తుప్రతి పేజీలో. క్లేర్ టోరీ పేరా, మిక్సింగ్ పేరా మాత్రం కనీసం ఇద్దరు వాడుకరులు మూలాలతో పోల్చి చూశాకే ప్రధానబరిలోకి (పాఠకులు చూసే అసలు వ్యాసాల్లోకి) వెళ్లాలి. ఏ విభాగం మీదో చర్చా పేజీలో రాసి సంతకం చేయండి.

ఇట్లు,
మీ తోటి వాడుకరి